ఉద్దానం సరుకుతో లంక భోజనం

శ్రీలంక వంటకాలు చేయాలంటే ఏవేవో దొరకని సరుకులు కావాలనుకుంటారు. సింహళ వంటింట్లో రోజూ కావలసింది కొబ్బరి. ఆ తర్వాత పనస. పండగ పూట, విందు పూట జీడిపప్పు. ఈ మూడూ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు తోటల్లో పక్కపక్కనే కాస్తాయి. తేడా అంతా వండే పద్ధతిలో ఉంది. మనం పనసని పొట్టు కొట్టి ఆవ పెడతాం, వాళ్ళు ముక్కలు చేసి కొబ్బరి పాలల్లో గంటల తరబడి ఉడికిస్తారు. కొబ్బరి మనకి పచ్చడికీ కూరలో తురుముకీ సరిపోతుంది, వాళ్ళకి వంటలో నీళ్ళ స్థానం దానిదే.

కింద చెప్పిన లెక్కలు నలుగురికి. కప్పు అంటే 200 మిల్లీలీటర్లు. అన్నీ ఒకే పూట వండితే నాలుగు కొబ్బరికాయలు కావాలి: మూడు పాలకి, ఒకటి సంబోల్ అనే కొబ్బరి నూరుడుకీ రొట్టెకీ.

ముందు పాలు

కాయ ముదురుగా ఉండాలి, ఊపితే నీళ్ళు గలగలమనాలి. నీరు ఇంకిపోయి కురిడీ అయ్యే దశకి వచ్చిన కాయ వద్దు, పాలకి నూనె వాసన వస్తుంది. లేత కాయలో కొవ్వు తక్కువ కాబట్టి ఎంత పిండినా పాలు పల్చగానే ఉంటాయి. కోరేటప్పుడు చిప్పని ఆనుకున్న గోధుమ రంగు పొర దాకా పోవద్దు. ఆ పొర పడితే పాలు మట్టి రంగుకి తిరుగుతాయి, కాస్త వగరు కూడా.

ఒక కాయ కోరుకి ఒక కప్పు గోరువెచ్చని నీళ్ళు పోసి, చేత్తో రెండు మూడు నిమిషాలు పిసికి, పల్చని గుడ్డలో పిండండి. కప్పుంపావు దాకా చిక్కని పాలు వస్తాయి. ఇవి మొదటి పాలు. అదే పిప్పికి ఒకటిన్నర కప్పు నీళ్ళు పోసి మళ్ళీ పిండితే రెండో పాలు. మిక్సీ వాడితే పల్స్ మీద నాలుగైదు సార్లు చాలు. ఆపకుండా తిప్పితే పిప్పి మెత్తనై గుడ్డలోంచి జారిపోయి పాలల్లో ఇసకలా తగులుతుంది.

లంక కూరలన్నిటికీ ఒకటే సూత్రం: ఉడికించేది రెండో పాలల్లో, మొదటి పాలు ఆఖరున. మొదటి పాలు పోశాక పెద్ద మంట పెడితే, మూత పెట్టి వదిలేస్తే, పాలు విరిగి నూనె పైకి తేలుతుంది. సన్న మంట మీద గరిటెతో కలుపుతూ, అంచుల్లో చిన్న బుడగలు రాగానే దించేయాలి. నిమ్మరసం పిండవలసిన కూరైతే దించిన తర్వాతే.

పొల్ సంబోల్

సింహళంలో పొల్ అంటే కొబ్బరి. దీన్ని మన కొబ్బరి పచ్చడి లెక్కన చేయకండి. పోపు ఉండదు, నీళ్ళు ఉండవు, మెత్తగా రుబ్బడమూ ఉండదు.

అర కాయ కోరు, ఎండుమిరపకాయలు ఎనిమిది, చిన్న ఉల్లిపాయలు ఆరు, ఉప్పు ముప్పావు టీ చెంచా, ఒక నిమ్మకాయ. సన్నికల్లు ఉంటే బయటికి తీయండి. ముందు మిరపకాయలూ ఉప్పూ బరకగా నూరి, తర్వాత ఉల్లిపాయలు చితక్కొట్టి, చివర కొబ్బరి వేసి పొత్రంతో నాలుగైదు సార్లు మాత్రం లాగాలి. కొబ్బరి అంతా ఎర్రబడాలి కానీ ముద్ద కాకూడదు, పలుకు పలుకుగా ఉండాలి. నిమ్మరసం చేత్తో కలపండి. మిక్సీలో కొబ్బరి కూడా వేసి తిప్పేస్తే పాలు ఊరి ముద్దవుతుంది. మిక్సీయే వాడాలనుకుంటే మిరప, ఉల్లి వరకు తిప్పి, కొబ్బరి పళ్ళెంలో పోసి చేత్తో నలపండి.

లంకలో ఇందులో ఉంబలకడ వేస్తారు. ట్యూనా చేపని ఉడికించి, పొగబెట్టి, కట్టెలా ఎండబెట్టిన ముక్క అది, మాల్దీవుల సరుకు. ఇక్కడ దానికి దగ్గరి బదులు ఎండు రొయ్యలు. తల, తోక తీసి, పొడి మూకుడులో కరకరలాడేలా వేయించి, ఒక పెద్ద చెంచా పొడి చేసి మిరపతోపాటు నూరండి. రొయ్యల్లో ఉప్పుంటుంది కాబట్టి విడిగా వేసే ఉప్పు సగానికి తగ్గించాలి. శాకాహారులకి ఏ బదులూ అక్కర్లేదు, సంబోల్ అదిలేకుండానే నిలుస్తుంది.

కిరిబత్

కిరి అంటే పాలు, బత్ అంటే అన్నం. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వచ్చే సింహళ కొత్త సంవత్సరం నాడు మొదట తినేది ఇదే. చాలా ఇళ్ళల్లో ప్రతి నెలా ఒకటో తేదీన కూడా వండుకుంటారు. మన పరమాన్నంలా తీపి కాదు, ఉప్పుతో వండేది.

రెండు కప్పుల పచ్చి బియ్యానికి మూడున్నర కప్పుల నీళ్ళు. ఇక్కడ కొత్త బియ్యం వరం. సంక్రాంతి తర్వాత వచ్చే కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని విసుక్కుంటాం కదా, కిరిబత్‌కి కావలసింది ఆ జిగురే. పాత బియ్యం, ఉప్పుడు బియ్యం రెండూ పనికిరావు, ముక్క కోస్తే పొడిపొడిగా రాలిపోతుంది. నీళ్ళు ఇంకాక ఒకటిన్నర కప్పు మొదటి పాలు, ఒకటిన్నర టీ చెంచాల ఉప్పు వేసి, సన్న మంట మీద పది నిమిషాలు కలపండి. గరిటెకి అంటుకుని నెమ్మదిగా జారే దశలో దించి, అరటాకు మీద అంగుళం మందాన పరిచి, ఇంకో ఆకు ముక్కతో పైన నునుపు చేయండి. పావుగంట ఆరాకే డైమండ్ ముక్కలుగా కోయాలి. వేడి మీద కోస్తే కత్తికి అంటుకుని అంచులు చెదురుతాయి.

పక్కన సంబోల్ లేదా బెల్లం. లంకలో పెట్టే బెల్లం కితుల్ చెట్టుది. ఆ చెట్టు మనకి కొత్త కాదు, మన ఏజెన్సీ కొండల్లో కల్లు తీసే జీలుగే. అక్కడ ఆ నీరాని కాచి పాకం, బెల్లం చేస్తారు. తాటిబెల్లం దానికి దగ్గరగా ఉంటుంది, చెరకు బెల్లం కాస్త దూరం.

వేయించిన పొడి

లేత పనసతో చేసే పొలొస్ కూర నల్లగా, ఘాటుగా ఉండేది దీనివల్లే. ధనియాలు 50 గ్రాములు, జీలకర్ర 25, సోంపు 15, మెంతులు ఒక టీ చెంచా, మిరియాలు ఒక టీ చెంచా, బియ్యం ఒక పెద్ద చెంచా, లవంగాలు ఆరు, యాలకులు ఆరు, దాల్చినచెక్క రెండంగుళాలు, కరివేపాకు రెండు రెమ్మలు. అన్నీ ఒకేసారి మూకుట్లో పోయొద్దు. జీలకర్ర మాడేసరికి ధనియాలు పచ్చిగానే ఉంటాయి. విడివిడిగా, సన్న మంట మీద, మన సాంబారు పొడికి ఆపే రంగు దాటి కాఫీ గింజ రంగు దాకా వేయించాలి. నల్లబడితే చేదు. మెంతులు అన్నిటికన్నా త్వరగా చేదెక్కుతాయి కాబట్టి వాటిని రంగు మారగానే తీసేయండి.

బజార్లో దాల్చినచెక్క పేరుతో దొరికే మందపాటి బెరడు ఎక్కువగా వేరే జాతిది. లంక దాల్చినచెక్క కాగితంలా పల్చని పొరలు చుట్టలా ఉంటుంది, వేళ్ళతో నలిపితే విరుగుతుంది. మందపాటిది ఘాటెక్కువ, వాడితే సగమే వేయండి.

పొలొస్: లేత పనస కూర

అసలు పరీక్ష ఇక్కడే. పనసకి సింహళంలో దశని బట్టి పేరు మారుతుంది: లేతది పొలొస్, ముదిరిన పచ్చికాయ కొస్. కరువులో కడుపు నింపేది కాబట్టి ఆ చెట్టుకి బత్ గస, అంటే అన్నం చెట్టు అని పేరు.

కిలోకి అటూ ఇటూ ఉన్న కాయ తీసుకోండి. కోస్తే కత్తి గింజల దగ్గర ఆగకూడదు. గింజకి పెంకు కట్టిందంటే పొలొస్ దశ దాటిపోయింది, ముక్కలు పీచుపీచుగా విడిపోతాయి. కత్తికీ చేతులకీ నూనె రాసుకుని, చెక్కు మందంగా తీసి, అర కిలో గుజ్జుని అంగుళంన్నర ముక్కలు చేసి వెంటనే పసుపు నీళ్ళల్లో వేయాలి. లేకపోతే నల్లబడతాయి. పొట్టు కొట్టే అలవాటుతో చిన్నగా తరగొద్దు, రెండు గంటలు ఉడికేసరికి పిండైపోతాయి.

మట్టి దాకలో ముక్కలు, రెండు కప్పుల రెండో పాలు, తరిగిన ఉల్లిపాయ, వెల్లుల్లి ఆరు రెబ్బలు, పచ్చిమిరప మూడు, కరివేపాకు, పసుపు, కారం రెండు టీ చెంచాలు, వేయించిన పొడి రెండు పెద్ద చెంచాలు, ఉప్పు. పులుపుకి లంకలో గొరక వేస్తారు. కేరళ వాళ్ళు కుడంపులి అని చేపల పులుసుకి వాడేది అదే, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రెండు రెబ్బలు వేడినీళ్ళల్లో నానబెట్టి నూరి మొదటే వేసేస్తే, గంటలు ఉడికినా ముక్క విచ్చుకోదు. అది లేక చింతపండు వాడితే ఉసిరికాయంత తీసుకుని, ముక్క మెత్తబడ్డాకే రసం పోయండి. పులుపు ముందే పడితే ముక్క గట్టిగా ఉండిపోతుంది, చింతపండు ఎక్కువైతే పాలూ విరుగుతాయి.

మూత పెట్టి, సన్న మంట మీద గంటన్నర నుంచి రెండు గంటలు. కర్రల పొయ్యి ఉంటే నిప్పుల మీద వదిలేయడం ఇంకా మంచిది. రసం అడుగంటబోతే వేడినీళ్ళు కొద్దిగా. ముక్క ముదురు గోధుమ రంగుకి తిరిగి, గరిటెతో నొక్కితే అణిగినా విడిపోకుండా ఉన్నప్పుడు ముప్పావు కప్పు మొదటి పాలు పోసి, మూత లేకుండా కలుపుతూ, అంచుల్లో బుడగలు రాగానే దించండి. కుక్కర్లో తొందరపడితే ముక్క ఉడుకుతుంది కానీ రంగు రాదు. ఒక్క కూత వరకు కుక్కర్, ఆపైన దాక, ఈ రాజీ వరకు ఫరవాలేదు. మర్నాటికి రుచి పెరుగుతుంది, అయితే మొదటి పాలు పోయకముందు కొంత తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. మొదటి పాలు పోసిన కూర ఎండాకాలంలో సాయంత్రానికే పులుస్తుంది.

రంపె అనే వాసనాకు కూడా వేస్తారు. దొరక్కపోతే మానేయండి. అది మొగలికి చుట్టమని తెలిసి మొగలి ఆకు వేసేవాళ్ళుంటారు. మొగలిలో వాసన పువ్వుదే, ఆకులో ముళ్ళు తప్ప ఏమీ లేవు.

జీడిపప్పు కూర, చోడి రొట్టె

పలాసలో గుళ్ళు, అంటే బద్ద విడని జీడిపప్పు, ఖరీదు; ఈ కూరకి బద్దలు చాలు. తునకలు మాత్రం వద్దు, కరిగిపోతాయి. వేయించినవీ ఉప్పు పట్టినవీ కాకుండా తెల్ల పప్పు 250 గ్రాములు, చిటికెడు వంటసోడా వేసిన గోరువెచ్చని నీళ్ళల్లో రెండు గంటలు నానబెట్టి బాగా కడగండి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి. పప్పుకి ఒకటిన్నర కప్పు రెండో పాలు, ఉల్లి, పచ్చిమిరప, కరివేపాకు, పసుపు, వేయించని ధనియాల పొడి ఒక టీ చెంచా, దాల్చినచెక్క చిన్న ముక్క. ఇరవై నిమిషాలకి పప్పు గోరుతో నొక్కితే దిగుతుంది. అప్పుడు ఉప్పు, ముప్పావు కప్పు మొదటి పాలు. ఇందులో వేయించిన పొడి వేస్తే రంగూ రుచీ రెండూ పోతాయి.

రొట్టెకి కురక్కన్ పిండి కలుపుతారు, అంటే మన చోళ్ళే, రాగులు. ఒక కప్పు చోడి పిండి, ఒక కప్పు మైదా, ఒక కప్పు కొబ్బరి కోరు, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిరప, ఉప్పు. నీళ్ళు ముప్పావు కప్పుతో మొదలుపెట్టి చూసి పోయండి, కొబ్బరిలోనూ తడి ఉంటుంది. పావుగంట నాననిచ్చి, అరచేతి వెడల్పున, అర సెంటీమీటరు మందాన నూనె రాసిన ఆకు మీద తట్టి, పొడి పెనం మీద రెండు వైపులా మచ్చలొచ్చేదాకా కాల్చాలి. అంతా చోడి పిండే వేస్తే తట్టేటప్పుడు అంచులు చీలతాయి. అలా చేయాలనుకుంటే పిండిని వేడినీళ్ళతో కలపండి.

పొయ్యి మీద మొదట ఎక్కేది పొలొస్, సంబోల్ మాత్రం అందరూ కూర్చున్నాక నూరాలి.