రోమాలు నిక్కబొడుచుకోవడాన్ని కళ్ళారా చూడాలంటే

చలిగాలి తగిలినా, భయం వేసినా, పాటలో ఇష్టమైన చోటు వచ్చినా చేతుల మీద రోమాలు లేచి నిలబడతాయి. వాటిని లేపేది రోమం మొదట్లో ఉండే అరెక్టర్ పిలి అనే సన్నని కండరం. అది పనిచేసే తీరు ఇంట్లోనే చూడొచ్చు.

రెండు ఐస్ ముక్కలు, పల్చటి చేతిరుమాలు, ఫోన్ టార్చ్ చాలు. భూతద్దం ఉంటే మరీ మంచిది. ముంజేతికి నూనో క్రీమో రాసి ఉంటే సబ్బుతో కడిగి తుడవండి. జిడ్డుకు సన్న రోమాలు చర్మానికి అతుక్కుపోతాయి. పొట్టి చేతుల చొక్కాతో ఫ్యాన్ కింద ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. వేసవి మధ్యాహ్నం ఉక్కలో ఇది సరిగ్గా కుదరదు, తెల్లవారుజామైతే సులువు.

గదిలో వెలుతురు తగ్గించి, టార్చ్‌ని ముంజేతి పక్కనుంచి చర్మం వెంబడి పడేలా పెట్టండి. పైనుంచి వెలుతురు పడితే రోమాల మొదట్లో లేచే బొడిపెలకు నీడ రాదు, లేచినా కంటికి ఆనవు. ప్రయత్నం విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఇప్పుడు రుమాల్లో చుట్టిన ఐసును ఎవరిచేతనైనా మెడ వెనక 15 నుంచి 20 సెకన్లు పెట్టించుకోండి. చేతి మీద వద్దు. చల్లదనం మెడకు తగిలితే రోమాలు చేతి మీద లేస్తాయి, చూడాల్సింది అదే. చర్మం నుంచి కబురు మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్‌కు చేరుతుంది. అక్కణ్ణుంచి వచ్చిన ఆదేశంతో మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాల కొసలు నోర్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని వదులుతాయి, కండరం బిగుసుకుంటుంది. దాని ఒక కొస రోమకూపానికి, రెండో కొస చర్మం పైభాగానికి అతుక్కుని ఉంటుంది. అందుకే ఏటవాలుగా పడుకున్న రోమం నిటారవుతుంది, కూపం చుట్టూ చర్మం ఉబ్బుతుంది. అరచేతిలో రోమాలు లేవు కాబట్టి అక్కడ బొడిపెలూ రావు.

ఏమీ కనిపించకపోతే పది నిమిషాలు ఆగి మళ్ళీ చేయండి. వెంటవెంటనే చేస్తే ఒంటికి ఆ ఉలికిపాటు ఉండదు. చల్లదనం తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్ళు, చలికి వేళ్ళు తెల్లబడేవాళ్ళు దీని జోలికి పోవద్దు.

పిల్లికైతే లేచిన బొచ్చు గాలిని పట్టి ఉంచి వెచ్చదనం ఇస్తుంది. మన సన్న రోమాలతో ఆ లాభం లేదు. అలాగని ఈ ఏర్పాటును పనికిరానిదని కొట్టిపారేయలేం. చలి ఎక్కువకాలం ఉంటే ఇవే నరాలు రోమకూపంలోని మూలకణాలను కదిలించి కొత్త రోమం మొలిపిస్తాయని, నరాన్ని అక్కడ నిలిపి ఉంచేది ఈ కండరమేనని 2020లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది.

ఒళ్ళు వెచ్చబడ్డాక కూడా భుజాల వెనక, తొడల మీద గరుకు బొడిపెలు అలాగే ఉంటే అవి రోమాంచం కాకపోవచ్చు. కెరటోసిస్ పైలారిస్ అనే చర్మ సమస్యలో కెరటిన్ అనే గట్టి ప్రోటీన్ పేరుకుని రోమకూపాలు మూసుకుపోతాయి. పీచుతో గట్టిగా రుద్దితే ఎర్రబడి ఇంకా పెరుగుతాయి. పెద్దవాళ్ళు స్నానం కాగానే 10 శాతం యూరియా ఉన్న క్రీమ్ రాసుకోవచ్చు, పిల్లలకైతే డాక్టర్ని అడిగి వాడండి.

గదిలో చలి లేకుండానే వణుకుతో రోమాలు లేస్తే జ్వరం ఎక్కుతోందేమో చూడాలి. మొదట థర్మామీటర్ మామూలుగానే చూపించవచ్చు, అరగంట తర్వాత మళ్ళీ పెట్టి చూడండి.