సింక్ దొరికింది, మాట రాలేదు: ఎస్‌డీఆర్‌తో డిజిటల్ వాయిస్ తిప్పలు

ఎస్‌డీఆర్ అంటే సిగ్నల్ పని ఎక్కువగా సాఫ్ట్‌వేరే చేసే రేడియో. దానితో డిజిటల్ వాయిస్ వినేటప్పుడు, పంపేటప్పుడు ఎదురయ్యే తిప్పలివి. అనలాగ్ ఎఫ్‌ఎంలో చెవే మీటరు. సిగ్నల్ తగ్గితే బుస్సుమంటుంది, ఫ్రీక్వెన్సీ జరిగితే గొంతు వంకరపోతుంది. వింటూ సర్దుకోవచ్చు. డిజిటల్ వాయిస్‌లో ఆ వెసులుబాటు లేదు. తప్పులు కొద్దిగా ఉన్నంతసేపు ఎర్రర్ కరెక్షన్ వాటిని కప్పేస్తుంది. హద్దు దాటిందంటే మాట ఒక్కసారిగా ముక్కలైపోతుంది. ఎందుకో చెవికి తెలియదు.

తెలియాలంటే కంటితో చూడాలి. డీఎంఆర్, పీ25 ఫేజ్ 1, ఎం17 అనే డిజిటల్ వాయిస్ మోడ్‌లు మూడింటిలోనూ గాలిలోకి వెళ్లేవి నాలుగు ఫ్రీక్వెన్సీ స్థాయిలే. డీఎంఆర్‌లో అవి మధ్య ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ 648, 1944 హెర్ట్జ్ దూరంలో ఉంటాయి. పీ25లో 600, 1800. ఎం17లో 800, 2400. సెకనుకు 4800 సార్లు ఆ నాలుగింటిలో ఒకటి వస్తుంది. అలా వచ్చే ఒక్కోదాన్ని సింబల్ అంటారు. సిగ్నల్‌లోంచి ఆ స్థాయిలను తీసే డీమాడ్యులేటర్ నుంచి వచ్చేదాన్ని స్కోప్ విండోలో పెట్టి, సింబల్ మధ్యలో చూస్తే నాలుగు గీతలు విడివిడిగా కనబడాలి. ఏ సమస్య వచ్చినా నేను మొదట చూసేది వాటినే. గీతలు లేకుండా డీకోడర్ (సింబల్స్‌ను మాటగా మార్చే ప్రోగ్రామ్) ఆప్షన్లు ఎన్ని మార్చినా దండగే.

వాటర్‌ఫాల్‌లో సిగ్నల్ ఉంది, డీకోడర్ ఉలకదు పలకదు

ముందు అది మీరు అనుకుంటున్న మోడేనా అని చూడండి. డీఎంఆర్ చేతి సెట్టు నేరుగా పంపేటప్పుడు 30 మిల్లీసెకన్లు పంపి 30 మిల్లీసెకన్లు ఆగుతుంది. వాటర్‌ఫాల్ (కాలంతో పాటు జారే స్పెక్ట్రమ్ బొమ్మ) వేగం పెంచితే నిచ్చెన మెట్లలా కనబడుతుంది, ఎఫ్‌ఎంలో వింటే బరబరమంటుంది. రిపీటర్ అయితే ఆగకుండా సాగుతుంది. ఎన్ఎక్స్‌డీఎన్ అనే ఇంకో మోడ్‌లోని సన్న రకం సెకనుకు 2400 సింబల్సే పంపుతుంది కాబట్టి, 4800 సెట్టింగులో ఎంత సేపు కూర్చున్నా సింక్ (ఫ్రేమును గుర్తుపట్టించే సింబల్స్ వరస) రాదు.

మోడ్ సరైనదే అయితే ఫ్రీక్వెన్సీ చూడాలి. చవక డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న ఎస్‌డీఆర్) క్రిస్టల్ 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) తప్పు చూపించడం వింతేమీ కాదు. 435 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 22 కిలోహెర్ట్జ్, అంటే పక్క ఛానెల్ కూడా దాటిపోయినట్టు. 1 పీపీఎం టీసీఎక్స్‌ఓ (వేడికి అంతగా జరగని క్రిస్టల్) ఉన్న డాంగిల్‌లో తప్పు 435 హెర్ట్జ్‌లోపే ఉంటుంది. చాలా డీకోడర్లు ఆ కాస్త తేడాను వాటంతట అవే సర్దుకుంటాయి, కానీ సిగ్నల్ ఫిల్టర్ అంచుకు రాసుకుంటూ పోతే ఒక వైపు గీతలు నలిగిపోతాయి. డాంగిల్‌ను పది పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి, కచ్చితమైన ఫ్రీక్వెన్సీ తెలిసిన స్టేషన్‌తో పీపీఎం సరిచేయండి. ఫిల్టర్ వెడల్పు 12.5 కిలోహెర్ట్జ్ ఉంచండి. వినడానికి బాగుందని సన్నం చేయకండి.

ఇదంతా బాగున్నా పలకకపోతే, నా అనుభవంలో దోషి ఆడియో దారే. ఎస్‌డీఆర్ ప్రోగ్రామ్ నుంచి వర్చువల్ కేబుల్ (ఒక ప్రోగ్రామ్ శబ్దాన్ని ఇంకోదానికి చేర్చే సాఫ్ట్‌వేర్) మీదుగా డీకోడర్‌కు వెళ్లే శబ్దాన్ని మధ్యలో ఎవరూ "మెరుగుపరచకూడదు". డీ-ఎంఫసిస్ ఉంటే పై ఫ్రీక్వెన్సీలు తగ్గిపోయి, ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి దూకడం మందకొడిగా మారుతుంది, గీతలు అలుక్కుపోతాయి. హై-పాస్ ఫిల్టర్ ఇంకా మోసకారి. ఒకే సింబల్ వరసగా నాలుగైదు సార్లు వస్తే, ఆ స్థాయిని పట్టి ఉంచలేక మెల్లగా మధ్యకు జారవిడుస్తుంది. అప్పుడు 1944 కాస్తా 648లా కనబడుతుంది. అందుకే డీ-ఎంఫసిస్, ఆడియో ఫిల్టర్లు, ఆడియో ఏజీసీ (శబ్దాన్ని దానంతటదే పెంచి తగ్గించేది), నాయిస్ రిడక్షన్ అన్నీ ఆపేయాలి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని మూసేది) తెరిచి ఉంచాలి. ఎస్‌డీఆర్ ప్రోగ్రామ్, కేబుల్, డీకోడర్ మూడింటిలోనూ శాంపుల్ రేటు 48000 హెర్ట్జ్ ఉండాలి, ఒక్కదాంట్లో 44100 ఉన్నా ఇబ్బందే.

నేను రెండు సాయంత్రాలు దీనికే పోగొట్టుకున్నాను. ఎస్‌డీఆర్ ప్రోగ్రామ్‌లో అన్నీ ఆపాను. కంప్యూటర్ సౌండ్ సెట్టింగుల్లో రికార్డింగ్ వైపున నాయిస్ సప్రెషన్ ఆన్‌లో ఉండిపోయింది. అది డిజిటల్ సిగ్నల్‌ను బుస్సు శబ్దం అనుకుని, శ్రద్ధగా తుడిచేస్తోంది! సిగ్నల్ వచ్చిన మొదటి క్షణంలో సింక్ మెరిసి మాయమయ్యేది. ఆ మెరుపే అసలు ఆచూకీ, నేనేమో యాంటెన్నా మార్చుకుంటూ కూర్చున్నాను.

కుదిరితే సౌండ్ కార్డు దారినే వదిలేయండి. జీక్యూఆర్‌ఎక్స్ అనే ఎస్‌డీఆర్ ప్రోగ్రామ్ 7355 పోర్టు మీద యూడీపీ అనే నెట్‌వర్క్ దారి ద్వారా 48 కిలోహెర్ట్జ్ ఆడియో నేరుగా ఇస్తుంది. ఎస్‌డీఆర్‌ట్రంక్, ఓపీ25 లాంటి డీకోడర్లు డాంగిల్‌ను తామే నడుపుకుంటాయి. నడుమ కేబులే ఉండదు.

సింక్ నిలకడగా ఉంది, కానీ డేటా అంటోంది, మాట రాదు

ఇది చాలామందిని తికమక పెట్టేది. తెరమీద డీఎంఆర్ అని వస్తుంది, డేటా ఫ్రేమ్ అంటుంది, ఎర్రర్లు కుప్పలుగా పడతాయి. సిగ్నల్ బలహీనం అనుకుంటాం. నిజానికి సిగ్నల్ తలకిందులైంది.

డీఎంఆర్‌లో వాయిస్‌కు ఒక సింక్ పదం, డేటాకు ఇంకో సింక్ పదం ఉన్నాయి. రెండూ అద్దంలో బొమ్మల్లాంటివి. ఒకదానిలో పైకి ఉన్న ప్రతి సింబల్ రెండో దానిలో కిందికి ఉంటుంది. కాబట్టి సిగ్నల్ తిరగబడితే వాయిస్ సింక్ అచ్చం డేటా సింక్‌లా కనబడుతుంది. సింక్ పోదు, అర్థం మారిపోతుంది. ఎం17లోనూ అంతే. ప్రసారం మొదట్లో వచ్చే లింక్ సెటప్ ఫ్రేమ్ సింక్‌ను తిరగేస్తే స్ట్రీమ్ సింక్ వస్తుంది.

డీకోడర్‌లో ఇన్వర్ట్ ఆప్షన్ మార్చి చూడండి. మాట వచ్చేస్తే కారణం ఎక్కడుందో కూడా వెతకండి, లేకపోతే ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు అదే తప్పు ఎదురొస్తుంది. సాధారణంగా ఐ, క్యూ (ఎస్‌డీఆర్ సిగ్నల్‌ను మోసే రెండు భాగాలు) తారుమారు కావడమే కారణం. మధ్య ఫ్రీక్వెన్సీని కాస్త పెంచి చూడండి. తెరమీద సిగ్నల్ ఎడమకు జరగాలి. కుడికి జరిగిందంటే ఐ, క్యూ మారిపోయాయి. సరిగ్గానే ఎడమకు జరిగితే తిరగబాటు ఆడియో దారిలో జరిగింది.

మాట వస్తోంది, కానీ నీళ్లలో గొంతు పుక్కిలించినట్టు

గెయిన్ తగ్గించండి. అవును, తగ్గించండి. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చవక డాంగిల్‌లో ఉన్నది 8 బిట్ల ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం). పక్కన బలమైన స్టేషన్ ఒకటి ఉంటే, గెయిన్ మొత్తం పెట్టినప్పుడు అది నిండిపోతుంది, మీకు కావలసిన సిగ్నల్ చుట్టూ చెత్త లేస్తుంది. ట్యూనర్ ఏజీసీ ఆపి, గెయిన్‌ను ఒక్కో మెట్టు దించుతూ సిగ్నల్ ఎత్తును కాకుండా, సిగ్నల్‌కూ నేల శబ్దానికీ మధ్య తేడాను చూడండి. ఆ తేడా ఎక్కడ గరిష్ఠంగా ఉంటే అక్కడ ఆపండి.

గెయిన్ బాగున్నా పీ25 సిస్టమ్ ఒకటే పుక్కిలిస్తుంటే, అది సైమల్‌కాస్ట్ కావచ్చు. చాలా టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే మాట పంపుతాయి. అవి కొద్ది మైక్రోసెకన్ల తేడాతో చేరి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. పైగా ఇలాంటి చోట్ల మాడ్యులేషన్ మామూలు సీ4ఎఫ్‌ఎం (నాలుగు స్థాయిల ఎఫ్‌ఎం) కాక సీక్యూపీఎస్‌కే అనే రకం కావచ్చు, ఆ రకంలో సిగ్నల్ ఎత్తు కూడా మారుతుంది. ఎఫ్‌ఎం డీమాడ్యులేటర్ ఎత్తును పారేస్తుంది కాబట్టి ఆడియో కేబుల్ దారిలో ఇది ఎప్పటికీ బాగుపడదు. నేరుగా ఐక్యూ తీసుకునే డీకోడర్‌లో సీక్యూపీఎస్‌కే ఎంచుకోండి. ఒక టవర్ వైపే చూసే దిశా యాంటెన్నా కూడా గట్టి సాయం.

డీఎంఆర్‌లో ఇద్దరు ఒకరిమీద ఒకరు మాట్లాడుతున్నట్టుంటే ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా పంచుకునే రెండు స్లాట్లూ ఒకే స్పీకర్‌లో పడుతున్నాయి. ఒకటి ఆపేస్తే సరి.

ఇక ఎర్రర్లు సున్నా, గీతలు అద్దంలా ఉన్నాయి, అయినా మాట అడ్డదిడ్డంగా ఉందంటే అది ఎన్‌క్రిప్షన్. పీ25లో అల్గారిథమ్ ఐడీ హెక్స్‌లో 80 ఉంటేనే మామూలు మాట. వేరే సంఖ్య కనబడితే అది మనకు వినిపించడానికి పంపింది కాదు. దీనికి ఇక్కడ పరిష్కారం లేదు, వెతకవద్దు.

ఏఎంబీఈ చిప్ (డీఎంఆర్ మాటను కుదించి, విప్పేది) ఉన్న యూఎస్‌బీ డాంగిల్ వాడేవారికి ఒక చిన్న మాట. పాతవి 230400 బాడ్ (సీరియల్ పోర్టు వేగం)తో, కొత్తవి 460800తో పలుకుతాయి. ఇది తప్పితే చిప్ నోరు మెదపదు.

కొద్ది సేపటికోసారి మాట తెగుతుంది

డాంగిల్ సెకనుకు 3.2 మెగాశాంపిళ్లలో నడుస్తుంటే 2.048కి దించండి. యూఎస్‌బీ హబ్ తీసేయండి. ప్రతి కొన్ని నిమిషాలకు ఒక్కసారే తెగుతుంటే, డాంగిల్ గడియారం, సౌండ్ గడియారం ఒకే వేగంతో నడవడం లేదన్నమాట. బఫర్ నిండడమో ఖాళీ కావడమో జరుగుతుంది. ఇక్కడా యూడీపీ దారే మేలు.

మీరు పంపితే అవతల సెట్టులో సిగ్నల్ బారు నిండుతుంది, మాట మాత్రం లేదు

ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వినడానికే పనికొస్తుంది. పంపాలంటే హ్యాక్ఆర్‌ఎఫ్, ప్లూటో, లైమ్ లాంటివి కావాలి. లైసెన్సు ఉండాలి, పరీక్షలన్నీ డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే, శక్తిని మింగేసే భాగం) మీదే చేయాలి. నేర్చుకోవడానికి ఎం17 ఎంచుకోమంటాను. అందులో మాటను కుదించే కోడెక్2 ఓపెన్ సోర్స్, కాబట్టి చిప్ కొనాల్సిన పని లేదు.

ఈ సమస్యలో పదింట తొమ్మిది సార్లు తప్పు డీవియేషన్‌దే, అంటే సిగ్నల్ మధ్య ఫ్రీక్వెన్సీ నుంచి ఊగే దూరానిదే. బ్లాకులు కలిపి రేడియో కట్టే గ్నూ రేడియో ప్రోగ్రామ్‌లో ఎఫ్‌ఎం బ్లాకుకు ఇచ్చే సెన్సిటివిటీ విలువ 2π × డీవియేషన్ ÷ శాంపుల్ రేటు. ఎం17 సింబల్స్‌ను +3, +1, -1, -3గా పంపిస్తే ఒక యూనిట్‌కు 800 హెర్ట్జ్. 48000 శాంపుల్ రేటు దగ్గర 2π × 800 ÷ 48000 అంటే సుమారు 0.105. లెక్క సరిగ్గానే వేసి, ఆ ముందు బ్లాకులో దెబ్బతింటాం. 4800 సింబల్స్‌ను 48000కి పెంచేటప్పుడు ప్రతి సింబల్ తర్వాత తొమ్మిది సున్నాలు చేరతాయి. ఫిల్టర్ గెయిన్ 1 అని వదిలేస్తే ఎత్తు పదో వంతుకు పడిపోతుంది. 2400 హెర్ట్జ్ ఊగాల్సింది 240 ఊగుతుంది. వాటర్‌ఫాల్‌లో మాడ్యులేషన్ లేని క్యారియర్‌లా సన్నగా కనబడుతుంది, సెట్టులో బారు మాత్రం నిండుగా ఉంటుంది. ఫిల్టర్ గెయిన్‌ను 10 చేయండి.

సరిపోయిందో లేదో తేల్చడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. సింబల్స్, ఫిల్టర్ పక్కన పెట్టి, ఎఫ్‌ఎం బ్లాకుకు నేరుగా 3 ఎత్తున్న 1000 హెర్ట్జ్ సైన్ తరంగం ఇవ్వండి. డీవియేషన్‌ను టోన్ ఫ్రీక్వెన్సీతో భాగిస్తే 2.405 వచ్చినప్పుడు ఎఫ్‌ఎంలో మధ్య క్యారియర్ మాయమవుతుంది. మనది 2400 ÷ 1000, దాదాపు అంతే. ఇంకో డాంగిల్‌తో స్పెక్ట్రమ్ దగ్గరగా చూడండి. రెండు పక్కలా గీతలు నిలబడి, నడుమ గొయ్యి ఉంటే డీవియేషన్ సరిగ్గా ఉన్నట్టే. డీఎంఆర్‌కు ఇదే పరీక్ష 808 హెర్ట్జ్ టోన్‌తో చేయాలి. మొదటిసారి ఆ మధ్య గీత మునిగిపోవడం చూసినప్పుడు నాకు భలే సరదా వేసింది.

డీవియేషన్ బాగుండి డీఎంఆర్ సెట్టు నోరు విప్పకపోతే కలర్ కోడ్ (ఛానెల్ గుర్తు సంఖ్య), టాక్‌గ్రూప్ (మాట్లాడే బృందం సంఖ్య), స్లాట్ మూడూ సరిపోలాయా చూడండి. ఒక్కటి తేడా ఉన్నా సెట్టు సిగ్నల్‌ను డీకోడ్ చేసి కూడా స్పీకర్ తెరవదు. స్లాట్ల సమయం పాటించడం యూఎస్‌బీ ఆలస్యాల మధ్య ఎస్‌డీఆర్‌కు కష్టం. ఎం17తో మొదలుపెట్టమన్నది దీనికోసం కూడా.

మొదటి అక్షరాలు మింగేస్తోంది

హ్యాక్ఆర్‌ఎఫ్ ఒకేసారి విని పంపలేదు. వినడం నుంచి పంపడానికి మారేలోపు ఫ్రేములు వెళ్లిపోతుంటాయి. ఆన్ అయ్యాక కొన్ని వందల మిల్లీసెకన్లు ప్రీయాంబుల్ (రిసీవర్ కుదురుకోవడానికి ముందుగా పంపే సింబల్స్) పంపి, తర్వాతే లింక్ సెటప్ ఫ్రేమ్ వదలండి. ఆ ఫ్రేమ్ పోయినా ఎం17 రిసీవర్ ఆరు ఫ్రేముల్లో, అంటే 240 మిల్లీసెకన్లలో, వివరాలను తిరిగి కూర్చుకుంటుంది. మింగినది అంతే ఉంటే కారణం ఇదే.

పంపిన సిగ్నల్ చుట్టూ ముళ్లు, గట్టు

ఐక్యూ ఎత్తు 1.0 పెడితే రీశాంప్లర్ (శాంపుల్ రేటు మార్చే బ్లాకు)లో శిఖరాలు దాన్ని దాటి తెగిపోతాయి. 0.7కు దించండి. నడిమధ్య నిలబడిన ముల్లు లోకల్ ఆసిలేటర్ లీకేజి, సిగ్నల్‌ను కాస్త పక్కకు జరిపి పంపితే దాన్ని గుర్తుపట్టడం తేలిక. హార్మోనిక్స్ (పంపే ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర వచ్చే సిగ్నల్స్)కు మాత్రం సాఫ్ట్‌వేర్ మందు లేదు. యాంటెన్నా ముందు లో-పాస్ ఫిల్టర్ ఉండాల్సిందే.

మీ సిగ్నల్ మీ డాంగిల్‌లోనే గందరగోళంగా ఉంది, దూరపు సెట్టులో బాగుంది

అది మీ ట్రాన్స్‌మిటర్ తప్పు కాదు. రెండూ ఒకే బల్ల మీద ఉన్నాయి, డాంగిల్ ఊపిరాడక కొట్టుకుంటోంది. డాంగిల్ యాంటెన్నా పూర్తిగా తీసేయండి. డమ్మీ లోడ్ నుంచి కారే కాస్త సిగ్నలే దానికి సరిపోతుంది. కేబుల్‌తో కలిపే పరీక్ష అయితే నడుమ 60 డీబీ దాకా అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) పెట్టి, ఆ తర్వాతే పంపే మీట నొక్కండి.