గోడ చూసి రక్తనాళాన్ని పోల్చుకోవడం: మేక గుండె మీద, సొంత చేతి మీద చేసి చూసే పద్ధతి

ధమనికీ (గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్లే నాళం) సిరకీ (గుండెకు తిరిగి తెచ్చే నాళం) తేడాలు రాయమంటే పట్టిక గీసి గడగడా రాసే పిల్లల చేతిలో కోసిన నాళం ముక్క పెడితే ఏది ఏదో చెప్పలేరు. ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం అని మొదలుపెట్టి నేర్చుకోవడమే దీనికి కారణం. గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమనిలో పారేది ‘చెడు’ రక్తమే, అయినా అది ధమనే. నాళం గోడ ఎలా ఉండాలో తేల్చేది రక్తంలోని ఆక్సిజన్ కాదు, లోపలి పీడనం. ఏ నాళం దగ్గరైనా ముందు ఆ పీడనం ఎంతో అడగండి, గోడ మందం, సాగే గుణం, కవాటాలు (రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే తలుపులు) ఎందుకు అలా ఉన్నాయో వరసగా తేలిపోతుంది.

గుర్తుపెట్టుకోవలసిన అంకెలు కొన్నే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే అతిపెద్ద ధమని) పీడనం మనం బీపీగా చెప్పుకునే 120/80. రక్తం సూక్ష్మధమనులు (చివరి సన్నని ధమనులు) దాటి కేశనాళికల్లోకి (అన్నిటికన్నా సన్నని నాళాలు) వచ్చేసరికి అది 35కి కాస్త అటూఇటూగా పడిపోతుంది. కేశనాళికలు దాటాక 10-15, గుండె కుడి కర్ణిక (పై గది) చేరేసరికి దాదాపు సున్నా. పుపుస ధమనిలో సుమారు 25/10. అన్నీ పాదరసం మిల్లీమీటర్లలోనే.

మేక గుండె తెచ్చుకోవడం

మటన్ షాపులో గుండెకాయ అడిగితే పైన ఉన్న గొట్టాలన్నీ కోసేసి ఇస్తారు. వంటకు అవి పనికిరావు, మనకు కావలసినవి అవే. ముందు రోజే చెప్పి, గుండెనూ ఊపిరితిత్తులనూ విడదీయకుండా, పైగొట్టాలు కనీసం నాలుగైదు సెంటీమీటర్లు ఉంచి ఇమ్మనండి. ఆ రోజు కోసినదే కావాలి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించినది వద్దు. ఫార్మలిన్‌లో (ల్యాబుల్లో నమూనాలు నిల్వ చేసే ద్రవం) ఉంచినది అసలే వద్దు. ఫార్మలిన్ గోడలోని ప్రోటీన్లను ఒకదానితో ఒకటి బిగించేస్తుంది కాబట్టి సాగే గుణం పోయి, ప్రయోగం అర్థం లేనిదవుతుంది. లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి అందులో ఉంచండి. మామూలు నీళ్లలో ఎక్కువసేపు నానితే కణజాలం ఉబ్బుతుంది. గ్లవ్స్, కొత్త బ్లేడు తప్పనిసరి. పని అయ్యాక బల్లను బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి. ఆ మాంసాన్ని మళ్లీ వంటింట్లోకి తేకూడదు.

ముందు కళ్లు మూసుకుని వేళ్లతో తడమండి. గట్టిగా, రబ్బరులా తగిలి, వదిలేసినా నోరు తెరుచుకునే ఉండే గొట్టం బృహద్ధమని. గోడ రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, చిటికెన వేలు సులువుగా దూరుతుంది. దాని పక్కనే ముందువైపు ఉండి, గోడ కాస్త పలచగా తగిలేది పుపుస ధమని. ఎక్కువమంది ఈ రెంటినీ తారుమారు చేస్తారు. అనుమానం వస్తే వేలు లోపలికి పోనివ్వండి. అది మందపాటి గోడ ఉన్న ఎడమ జఠరికలోకి (గుండె కింది గది) దిగితే బృహద్ధమని, పలచని కుడి జఠరికలోకి దిగితే పుపుస ధమని. నిలువునా చీల్చి చూస్తే బృహద్ధమని మొదట్లో కవాటానికి కొంచెం పైన రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. గుండెకే రక్తం ఇచ్చే కరోనరీ ధమనులు అక్కడ మొదలవుతాయి. చెంపలు అతుక్కుపోయినట్టు చప్పబడి, వేలు పెడితే తప్ప నోరు తెరవనివి బృహత్సిరలు, అంటే ఒంట్లోని రక్తాన్ని గుండెకు తెచ్చే పెద్ద సిరలు. వాటిలో రక్తం గోడను నెట్టే బలం ఎంత తక్కువో ఆ చప్పిడితనమే చెబుతుంది.

చీల్చే ముందు బృహద్ధమనిలో నిదానంగా నీళ్లు పోయండి. అర్ధచంద్రాకార కవాటాలు మూసుకుని నీరు నిలుస్తుంది. కరోనరీ రంధ్రాల గుండా మెల్లగా దిగితే పరవాలేదు. గబగబా జారిపోతే షాపులోనే కవాటం చినిగి ఉంటుంది, లేదా లోపల రక్తపు గడ్డ అడ్డుపడి రెక్కలు కలవడం లేదు. గడ్డను పట్టకారుతో తీసి మళ్లీ పోయండి.

ఉంగరాన్ని సాగదీయడం

ఈ ఒక్కటి ఓపికగా చేస్తే మిగతా పాఠం సగం అయిపోయినట్టే.

బృహద్ధమని నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంగరం ఒకటి, బృహత్సిర నుంచి అంతే వెడల్పున్నది ఒకటి అడ్డంగా కోయండి. బ్లేడు ఏటవాలుగా పోతే ఒక పక్క సన్నబడి అక్కడే తెగుతుంది. బయట అంటుకున్న కొవ్వు గీకేయండి. స్టాండుకు వంచిన పేపర్ క్లిప్పు తగిలించి, దానికి ఉంగరం వేలాడదీసి, ఉంగరం కింది అంచుకు ఇంకో క్లిప్పుతో తేలికపాటి ప్లాస్టిక్ కప్పు కట్టండి. వెనక స్కేలు నిలబెట్టండి. తూకపు రాళ్లు లేకపోయినా సిరంజితో 10 మి.లీ. నీళ్లు పోస్తే 10 గ్రాములు వేసినట్టే.

మొదటి 10 మి.లీ.కి ఉంగరం వదులు మాత్రమే పోతుంది, ముఖ్యంగా చప్పగా ఉన్న సిరలో. అందుకే అక్కడి పొడవునే మొదటి పొడవుగా రాసుకోండి. తర్వాత ప్రతి 10 మి.లీ.కి అర నిమిషం ఆగి పొడవు చూడండి, ఆగకుండా చూస్తే గోడ ఇంకా సాగుతూనే ఉంటుంది. 100 మి.లీ. దాకా వెళ్లి, అదే సిరంజితో 10 చొప్పున వెనక్కి లాగుతూ మళ్లీ కొలవండి. పెరిగిన పొడవును మొదటి పొడవుతో భాగించి వందతో గుణిస్తే శాతం వస్తుంది. రెండు ఉంగరాల సైజు వేరు కాబట్టి శాతాలనే పోల్చాలి. మధ్యమధ్య ఉప్పునీటి చుక్కలు వేయండి. ఎండిన గోడ బిగుసుకుని తప్పు అంకెలు ఇస్తుంది.

బరువు దించాక బృహద్ధమని ఉంగరం దాదాపు మొదటి పొడవుకే వచ్చేస్తుంది. సిర ఉంగరం అంత బాగా వెనక్కి రాదు. బృహద్ధమని మధ్యపొరలో ఎలాస్టిన్ పలకలు పొరమీద పొరగా ఉంటాయి, సాగి వెనక్కి రావడం వాటి పని. అతిగా సాగకుండా పట్టి ఉంచేది కొల్లాజెన్. గుండె ఒక్క దెబ్బకు సుమారు 70 మి.లీ. రక్తాన్ని సెకనులో మూడో వంతు సమయంలో నెట్టేస్తుంది, మిగతా సమయమంతా బృహద్ధమనిలోకి కొత్త రక్తం రాదు. గోడ సాగి ఆ రక్తంలో చాలా భాగాన్ని దాచుకుని, తర్వాత ముడుచుకుంటూ ముందుకు తోస్తుంది. గోడ ఇనుప పైపులా ఉంటే రెండు దెబ్బల మధ్య బీపీ సున్నా వైపు పడిపోయేది, 80 దగ్గర నిలిచేది కాదు. ఎలాస్టిన్ ఎక్కువగా చిన్నతనంలోనే తయారవుతుంది, పెద్దయ్యాక కొత్తది దాదాపు రాదు. అందుకే వయసు మీద పడ్డవాళ్లలో గోడ బిగుసుకుని, పై బీపీ పెరిగి కింది బీపీ తగ్గి, రెంటి మధ్య దూరం పెరుగుతుంది.

చేతి మీద సిర కవాటాలు

ఇది 1628లో విలియం హార్వే ప్రచురించిన ప్రయోగం. నరాలు బాగా తేలే చేయి ఎంచుకోండి. (జనం నరాలు అనేవి ఇక్కడ సిరలే.) మోచేతి పైన బీపీ పట్టీ చుట్టి 40 దాకా గాలి కొట్టండి. మణికట్టు దగ్గర నాడి తెలుస్తూనే ఉండాలి. ధమని పీడనం 40 కన్నా చాలా ఎక్కువ కనుక రక్తం చేతిలోకి వస్తుంది, సిరలో అంత లేదు కనుక తిరిగి పోలేదు. పిడికిలి పదిసార్లు బిగించి వదిలితే సిరలు ఉబ్బి, అక్కడక్కడ చిన్న బుడిపెలు తేలతాయి. అవే కవాటాల చోట్లు.

ఒక బుడిపెకు కిందుగా, మణికట్టు వైపు, సిర మీద చూపుడు వేలితో నొక్కి ఉంచండి. రెండో చేతి వేలితో అక్కడి నుంచి పైకి, బుడిపె దాటేదాకా, రక్తాన్ని తుడిచేసి ఆ వేలు తీసేయండి. పైనున్న రక్తం బుడిపె దాకా వచ్చి ఆగుతుంది, మధ్య ముక్క ఖాళీగానే ఉంటుంది. కింది వేలు తీయగానే క్షణంలో నిండుతుంది. ఖాళీ ముక్క పైనుంచి నిండిందంటే ఎక్కువగా రెండు కారణాలు: వేలు కవాటాన్ని దాటలేదు, లేదా మధ్యలో పక్క సిర వచ్చి కలుస్తోంది. వేరే చోటు చూసుకోండి. రెండు నిమిషాలకు మించి పట్టీ ఉంచకండి.

కదలకుండా నిలబడితే పాదం దగ్గర సిరల్లో పీడనం 90 దాకా పోతుంది, అది గుండె నుంచి పాదం దాకా ఉన్న రక్తపు ఎత్తు బరువు. నడిస్తే పిక్కల కండరం సిరను పిండుతుంది, కవాటాలు వెనక్కి రానివ్వవు, పీడనం మూడో వంతుకు దిగుతుంది. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు వెరికోస్ సిరలు (కాళ్ల మీద ఉబ్బి మెలికలు తిరిగే సిరలు) ఎక్కువ రావడానికి ఒక కారణం ఇదే. పలచని గోడ సాగి, కవాటం రెక్కలు ఒకదానికొకటి అందకుండా పోతాయి. శరీరంలోని రక్తంలో 60 శాతానికి పైగా సిరల్లోనే ఉంటుంది, అంత సామర్థ్యం ఇచ్చింది కూడా ఆ పలచని గోడే.

కేశనాళిక అంత పలచగా ఉండి పగలదేం?

పిల్లలు అడిగే మంచి ప్రశ్న ఇది, జవాబు లెక్కలో ఉంది. గోడ మీద పడే లాగుడు పీడనం ఒక్కదాన్ని బట్టే ఉండదు, పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించినంత ఉంటుంది. బృహద్ధమని వ్యాసార్ధం సుమారు 12.5 మి.మీ., పీడనం 100. కేశనాళిక వ్యాసార్ధం 4 మైక్రోమీటర్లు, పీడనం 30. గుణించి చూడండి, బృహద్ధమని గోడ మీద లాగుడు దాదాపు పదివేల రెట్లు. కాబట్టి కేశనాళికకు ఒక్క కణం మందం గోడ, అంటే మైక్రోమీటరుకు మించని గోడ, చాలు. ఆక్సిజన్, గ్లూకోజ్ దాటిపోవడానికి కావలసిందీ అదే. పైగా కేశనాళికలన్నిటి అడ్డుకోత వైశాల్యం కలిపితే బృహద్ధమని కన్నా వందల రెట్లు, అందుకే అక్కడ రక్తం సెకనుకు మిల్లీమీటరు కూడా పోదు.

చూడాలంటే ఎడమచేతి ఉంగరపు వేలు గోరు మొదట్లో, చర్మం అంచు మీద ఒక చుక్క కొబ్బరినూనె వేసి, పక్కనుంచి టార్చి కొట్టి, 50 రెట్లు చూపించే యూఎస్‌బీ మైక్రోస్కోపుతో చూడండి. హెయిర్‌పిన్నుల్లాంటి ఎర్రని వంపులు వరసగా కనిపిస్తాయి. మిగతా వేళ్లకన్నా ఉంగరపు వేలు, చిటికెన వేలు బాగా చూపిస్తాయి. చామనఛాయ చర్మంలో మసగ్గా ఉంటే వెలుతురు కోణం మార్చండి.

ఇప్పుడు అదే గోరును ఐదు సెకన్లు నొక్కి వదిలి, తెల్లబడినది మళ్లీ ఎర్రబడే సమయం చూడండి. మామూలుగా రెండు సెకన్ల లోపే. వేలిని నిమిషం పాటు ఐసు నీళ్లలో ఉంచి మళ్లీ చేస్తే సమయం పెరుగుతుంది. (చలికి వేళ్లు తెల్లబడి నొప్పెట్టేవాళ్లు ఇది చేయకూడదు.) ముడుచుకున్నది కేశనాళికలు కావు, వాటికి కండరమే లేదు. వాటికి ముందున్న సూక్ష్మధమనులు ముడుచుకున్నాయి. వాటి గోడలో నాళం సైజుతో పోలిస్తే కండరం చాలా ఎక్కువ. వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది, కాబట్టి కొద్దిగా ముడుచుకున్నా చాలు.

సిరకు ధమని పీడనం పెడితే

పీడనమే గోడను తయారు చేస్తుందనడానికి ఇంతకన్నా గట్టి రుజువు లేదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునేవాళ్ల ముంజేతి మీద ఉబ్బెత్తుగా, మెలికలు తిరిగిన నాళం కనిపిస్తుంది. అది ఫిస్టులా: శస్త్రచికిత్సతో ధమనిని పక్క సిరకు కలిపేస్తారు. ధమని పీడనం నేరుగా సోకిన సిర కొన్ని వారాల్లో వెడల్పై, గోడ మందమై, సూదులను తట్టుకునే స్థితికి వస్తుంది. డాక్టర్లు సాధారణంగా చూసే కొలతలు: వ్యాసం 6 మి.మీ., చర్మం కింద 6 మి.మీ. లోతుకు మించకపోవడం, నిమిషానికి 600 మి.లీ. ప్రవాహం, ఇవి సుమారు 6 వారాలకు. మామూలు సిరలో ప్రవాహం డయాలసిస్ యంత్రానికి చాలదు. మామూలు ధమని లోతుగా ఉంటుంది, వారానికి రెండు మూడుసార్లు లావు సూదులు గుచ్చడానికి పనికిరాదు.

ఫిస్టులా ఉన్నవాళ్లు రోజూ దాని మీద మూడు వేళ్లు ఆనించి చూసుకోవాలి. పిల్లి గురగురలాంటి ఎడతెగని కంపనం తగలాలి. అది ఆగినా, నాడిలా కొట్టుకోవడం మాత్రమే మిగిలినా లోపల గడ్డకట్టడమో నాళం సన్నబడటమో మొదలై ఉండవచ్చు, అదే రోజు డయాలసిస్ కేంద్రానికి వెళ్లాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, బిగుతు గాజులు వేసుకోకూడదు, ఆ చేయి తలకింద పెట్టుకుని పడుకోకూడదు.