స్కూబాకి వెళ్తున్నారా? మాస్క్ దగ్గర మాత్రం మొహమాటపడకండి

గాయకుడు జుబీన్ గార్గ్ 2025 సెప్టెంబరు 19న సింగపూర్‌లో చనిపోయారన్న వార్త రాగానే చాలాచోట్ల స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుక్కి వెళ్లడం) ప్రమాదమనే రాశారు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆయన పడవ మీద నుంచి సముద్రంలో ఈతకు దిగారు, అప్పుడు ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు, నీట మునిగి ప్రాణం పోయింది. అప్పటినుంచి అండమాన్ వెళ్లే మనవాళ్లు ఎవరు కలిసినా ఒకటే టెన్షన్: "స్కూబా బుక్ చేసుకున్నామండీ, మానేయమంటారా?"

మానేయక్కర్లేదు. వానాకాలం అయిపోయాక గోవా గ్రాండ్ ఐలాండ్, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి, మహారాష్ట్రలోని తార్కర్లీ వైపు డైవింగ్ పడవలు మళ్లీ మొదలవుతాయి. అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, సెలవుల్లో ఎటు చూసినా తెలుగు మాటలే వినిపిస్తాయి. మన రుషికొండలోనూ డైవింగ్ ఉంది. వెళ్లండి, చూడాల్సిన లోకమే అది. మందు తాగి దిగొద్దు, ఆరోగ్యం చూసుకోండి లాంటివి అందరూ చెప్తారు కాబట్టి అవి వదిలేస్తున్నాను. నేను చెప్పేది ఒంటికి తగిలించుకునే సామాను గురించి. అందులోనూ ముఖ్యంగా ఒక్కదాని గురించి.

మాస్క్

అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, కొంప ముంచేదీ ఇదే. బకెట్ నీళ్లలో కళ్లూ ముక్కూ కప్పే అద్దాల మాస్క్‌లు నానుతుంటాయి. అక్కడి కుర్రాడు చేతికి అందింది తీసి ఇస్తాడు. అడిగితే ఏమనుకుంటాడో అని అదే పెట్టుకుంటాం. నీళ్లు కారితే స్ట్రాప్ బిగిస్తాం. ఇంకా కారితే ఇంకా బిగిస్తాం. నీళ్లలో బెంబేలెత్తిపోయి, ఇక జన్మలో సముద్రం జోలికి రామన్నవాళ్లలో ఎక్కువమంది చేసింది ఈ తప్పే.

స్ట్రాప్ ఉన్నది మాస్క్ జారిపోకుండా. నీళ్లను ఆపేది సిలికాన్ అంచు. అది ముఖం మీద మెత్తగా పరుచుకుని కూర్చోవాలి. స్ట్రాప్ లాగేకొద్దీ ఆ అంచు మడతపడి, మడత దగ్గర నీళ్లకు దారి ఇస్తుంది. లోపలికి దిగాక నీటి ఒత్తిడే మాస్క్‌ను ముఖానికి అదిమి పెడుతుంది, మీరు బిగించాల్సిన పనే లేదు.

సరిపోయిందో లేదో ఒడ్డు మీదే ఇలా చూసుకోండి. స్ట్రాప్‌ను అద్దం మీదికి మడిచేయండి. తల కొంచెం పైకెత్తి మాస్క్‌ను ముఖం మీద ఊరికే ఆనించండి, నొక్కకండి. ముక్కుతో మెల్లగా కాస్త గాలి పీల్చి ఆపండి. చెయ్యి తీసేసి తల దించండి. మాస్క్ దానంతటదే అంటుకుని ఉండాలి. జారిందా, సన్నగా గాలి చొరబడుతున్న చప్పుడు వచ్చిందా, అది మీది కాదు. ఇంకోటి అడగండి. అదీ సరిపోకపోతే మరోటి అడగండి. సరిపోయిందనుకున్నాక మౌత్‌పీస్, అంటే గాలి పీల్చడానికి పళ్లతో పట్టుకునే ముక్క, నోట్లో పెట్టుకుని ఇదే మళ్లీ చేయండి. నోట్లో మౌత్‌పీస్ ఉంటే బుగ్గలు, పైపెదవి కదిలి ముఖం ఆకారం మారుతుంది. చాలామందికి నీళ్లు కారేది అక్కడే.

ఒక పెద్దాయనకు జరిగింది చెప్తాను. నిండైన మీసం. లోతు ఐదు మీటర్లు కూడా లేదు. ముందు అద్దం అడుగున నీళ్లు ఒక గీతలా కనిపించాయి. ఆయన కింది అంచు పట్టుకుని సర్దబోయారు, నీళ్లు ఒక్కసారిగా ముక్కుదాకా వచ్చాయి. కళ్లు పెద్దవయ్యాయి. మాస్క్ పీకేశారు, నోట్లోంచి రెగ్యులేటర్, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం, ఊడింది, ఊపిరి బిగబట్టి పైకి తన్నడం మొదలుపెట్టారు. ఇన్‌స్ట్రక్టర్ ఆయన జాకెట్ పట్టుకుని ఆపి, రెగ్యులేటర్ మళ్లీ నోట్లో పెట్టి, గాలి వదిలించుకుంటూ మెల్లగా పైకి తెచ్చాడు కాబట్టి సరిపోయింది.

ఆ తొందరలో పైకి రావడమే ప్రాణం మీదికి తెచ్చేది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. ఊపిరి బిగబట్టి ఉంటే ఆ గాలికి బయటికి దారి ఉండదు, ఊపిరితిత్తులు చిట్లుతాయి. సిలిండర్ గాలి పీల్చి ఊపిరి బిగబడితే ఒకటిన్నర మీటరు లోతు నుంచి పైకి వచ్చినా ఈ ప్రమాదం ఉంది. మాస్క్‌లోకి వచ్చిన గుక్కెడు నీళ్లు ఎవరినీ చంపవు. ఆ నీళ్లు చూసి మనిషి చేసే పని చంపుతుంది. అందుకే ఇన్నిసార్లు చెప్తున్నాను: మాస్క్ ఒడ్డు మీదే చూసుకోండి, స్ట్రాప్ బిగించి సరిపెట్టుకోకండి.

మీసం ఉన్నవాళ్లు ముక్కు కింద, మాస్క్ అంచు ఆనే చోట, సన్నని గీతంత గొరిగించుకుంటే చాలు. అదీ ఇష్టం లేకపోతే సిలికాన్ గ్రీజు రాసుకోండి, వ్యాసలిన్ వద్దు, అది రబ్బరును పాడుచేస్తుంది. ఆడవాళ్లు బొట్టుబిళ్ళ తీసేయండి, ముక్కుపుడక కూడా. చెవులు పట్టేసినప్పుడు ముక్కు నొక్కి గాలి ఊదాలి, పుడక అడ్డం వస్తుంది, గుచ్చుకుంటుంది. తలకు నూనె పెట్టుకోకండి, స్ట్రాప్ నిలవదు. నుదుటి మీద, పైపెదవి మీద సన్‌స్క్రీన్ పూసుకుంటే అంచు జారుతుంది, కళ్లు మండుతాయి. ఒక్క వెంట్రుక కూడా అంచు కింద ఉండకూడదు.

కళ్లజోడు మీద మాస్క్ పెట్టుకోవడం కుదరదు, కమ్మీలు అంచును లేపేస్తాయి. పవర్ అద్దాలున్న మాస్క్‌లు దొరుకుతాయి, బుక్ చేసేటప్పుడే అడగండి. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చు గానీ ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పండి, మాస్క్‌లోకి నీళ్లు వస్తే కళ్లు మూసుకోండి. ఈతకొలనులో వాడే గాగుల్స్‌తో లోతుకు వెళ్లకండి. వాటిలో ముక్కుకు చోటు లేదు కాబట్టి లోపలికి గాలి ఊదే దారి లేదు, ఒత్తిడికి కళ్లలో రక్తనాళాలు చిట్లుతాయి.

సొంతంగా ఒక్క వస్తువే కొనుక్కోవాలంటే మాస్క్ కొనుక్కోండి. మిగతావన్నీ అద్దెకు తీసుకోవచ్చు. అద్దం టెంపర్డ్ గ్లాస్ అయ్యుండాలి. కొత్త మాస్క్ అద్దం లోపలివైపు సన్నని పొర ఉంటుంది, దాన్ని టూత్‌పేస్ట్‌తో రుద్ది కడగకపోతే నీళ్లలోకి దిగిన నిమిషానికే ఆవిరి పట్టి ఏమీ కనిపించదు.

స్నోర్కెల్

నీటి పైన తేలుతూ ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి పీల్చే గొట్టం ఇది. పొడవు నలభై సెంటీమీటర్లు మించకూడదు. పొడవు పెరిగేకొద్దీ మీరు వదిలిన గాలే గొట్టంలో ఉండిపోయి మళ్లీ లోపలికి వస్తుంది. తల తిరుగుతుంది, ఆయాసం వస్తుంది.

ముఖమంతా కప్పే మాస్క్‌లు ఆన్‌లైన్‌లో తెగ అమ్ముతున్నారు. నోటితో ఊపిరి తీసే ఇబ్బంది లేదని కొనేస్తున్నారు. నా మాట వింటే చవకరకం అస్సలు కొనకండి. లోపల కవాటాలు సరిగా పని చేయకపోతే వదిలిన గాలి బయటికి పోదు. నీళ్లు నిండితే ఊది బయటికి పంపలేరు. గాబరాలో తలచుట్టూ ఉన్న పట్టీలు ఊడదీయడం కష్టం. దానితో నీటి అడుక్కి మునగడం అసలే కూడదు. ఇక్కడా అదే మాట: ముఖానికి సరిగ్గా కూర్చోని మాస్క్ ఎంత ఖరీదైనా పనికిరాదు.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక ఎవరితోనైనా భుజాల దగ్గర పైకి లాగించుకోండి. గడ్డం, చెవులు దాటి పైకి వచ్చేస్తే అది వదులు. బకిల్స్ అన్నీ పెట్టండి. ఫొటో కోసం విప్పకండి.

బరువులు, గాలి, మిగతావి

వెట్‌సూట్, అంటే ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు, మన సముద్రాలకు మూడు మిల్లీమీటర్లది చాలు. మెడ దగ్గర బిగుతుగా ఉంటే మార్చేయండి. మెడలోని రక్తనాళాల మీద ఒత్తిడి పడితే ఒడ్డునే కళ్లు తిరుగుతాయి, ఛాతీ పట్టేస్తే నిండా గాలి అందదు. వేసుకుని గొంతుక్కూర్చుని, చేతులెత్తి, గట్టిగా గాలి పీల్చి చూడండి. ఫిన్స్, అంటే కాళ్లకు తొడుక్కునే రెక్కలు, తడి కాళ్లతో వేసుకుని చూడండి. బిగుతైతే పిక్కలు పట్టేస్తాయి, వదులైతే ఊడిపోతాయి.

మనిషి తొందరగా మునగాలని బరువులు ఎక్కువ వేసేవాళ్లు ఉన్నారు. డైవింగ్ జాకెట్‌లో (గాలి నింపి, తీసి తేలడం, మునగడం సరిచేసుకునేది, లైఫ్ జాకెట్ కాదు) గాలి తీసేసి, మామూలు ఊపిరితో కదలకుండా ఉంటే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అంతకంటే మునిగితే బరువు తగ్గించమనండి. బరువుల బెల్టు అన్నిటికీ పైన ఉండాలి, కుడిచేత్తో ఒక్క లాగుడుకు ఊడిపోవాలి.

సిలిండర్‌లో ఉండేది మామూలు గాలే, ఆక్సిజన్ కాదు. నీళ్లలోకి దిగేముందు సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్ చూస్తూ నాలుగైదుసార్లు గట్టిగా పీల్చండి. ముల్లు ఊగితే వాల్వ్ పూర్తిగా తెరవలేదని అర్థం. పైన బాగానే ఉన్నట్టుంటుంది, లోతుకు వెళ్లాక గాలి చాలదు. గాలికి నూనె వాసన గానీ పొగ వాసన గానీ వస్తే ఆ సిలిండర్ వద్దు. కంప్రెసర్ పక్కనే ఇంజిన్ పొగ ఉంటే విషవాయువు కూడా గాలితోపాటే సిలిండర్‌లోకి ఎక్కుతుంది.

ఇక ఇవి ఎందుకని అడక్కుండా చేయండి.

సిలిండర్ నిండా ఉందో లేదో మీ కళ్లతో చూడండి, గేజ్ మీద సుమారు 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) ఉండాలి.

50 బార్‌కు ముందే పైకి వచ్చి ఉండాలి.

సిలిండర్‌ను పట్టీతో కట్టాక పట్టుకుని ఊపండి, కదిలితే మళ్లీ కట్టించండి.

మౌత్‌పీస్ కొరికి చిరిగి ఉంటే మార్చమనండి.

అవసరానికి ఉండే రెండో రెగ్యులేటర్ ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకోండి, అందులోంచీ పీల్చి చూడండి.

జాకెట్ గాలి బటన్ నొక్కి వదలండి, ఇరుక్కుంటే ఆ జాకెట్ వద్దు.

నడుము లోతు నీళ్లలో మాస్క్‌లోకి కావాలని కొన్ని నీళ్లు రానివ్వండి. పై అంచు నొక్కి, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో ఊది బయటికి పంపండి. అది రాకుండా లోతుకు వెళ్లకండి.

మాస్క్ కారుతుంటే దిగకండి.

కిందికి వెళ్లాక సర్దుకుంటుందని ఎవరు చెప్పినా దిగకండి.

పిల్లలకు పెద్దల మాస్క్ పెట్టకండి. పదేళ్లలోపు పిల్లల్ని సిలిండర్‌తో సముద్రంలోకి దించకండి.

పడవవాడు తొందరపెడితే కూర్చోండి. డబ్బు తిరిగి ఇవ్వనన్నా దిగకండి.

ఊపిరి ఎప్పుడూ బిగబట్టకండి.

చెవి నొప్పి మొదలవగానే ఆగి కాస్త పైకి రండి, ఓర్చుకుంటూ దిగకండి.

ఒక్క డైవ్ అయితే తర్వాత పన్నెండు గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి హైదరాబాద్ టికెట్ ఆ లెక్క చూసుకునే తీసుకోండి.

పైకి వచ్చాక ఛాతీ నొప్పి, కీళ్ల నొప్పి, తిమ్మిరి, మాట తడబడటం ఏది కనిపించినా నిద్రపోతే తగ్గుతుందనుకోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, డాక్టరుకు మొట్టమొదట డైవ్ చేసి వచ్చామని చెప్పండి.