ఒంటి మీద ఎరుక: ముందు నడకతో మొదలుపెట్టండి

డాబా మీదనో వాకిట్లోనో 20, 25 అడుగులు తిన్నగా వేసేంత జాగా చూసుకోండి. చెప్పులు విడవండి. ఎండాకాలంలో వరంగల్ దిక్కు డాబాలు పొద్దుగూకినా చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటాయి కనుక పొద్దున ఐదు, ఐదున్నర నడుమ మేలు. భద్రకాళి చెరువు కట్ట మీద కూడా చేయొచ్చు గాని అక్కడ తెలిసినవాళ్ళు పలకరిస్తుంటారు. మొదటి పదిహేను రోజులు ఇంటి దగ్గరే కానివ్వండి.

ఒంటి మీద ఎరుకను బౌద్ధంలో కాయానుపస్సన అంటారు, శరీరాన్ని శరీరంగానే చూస్తూ ఉండడం. ఎరుకను ఎలా నిలపాలో బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో ఈ ఒక్క భాగం కిందే 14 సాధనలున్నాయి: శ్వాస, నాలుగు భంగిమలు, చేసే ప్రతి పనిలో తెలివిడి, ఒంట్లోని భాగాలు, నాలుగు ధాతువులు, శవం కుళ్ళి ఎముకలయ్యే తొమ్మిది దశలు. సుత్తం శ్వాసతోనే మొదలవుతుంది. అయినా కొత్తవారికి నడకే ముందు చెప్పాలని మా పట్టు. శ్వాస సన్నటిది. దాన్ని చూడబోతే మనకు తెలియకుండానే పట్టుకొని నడిపించేస్తాం. అరికాలు గచ్చుకు తగలడం మోటుగా ఉంటుంది, ఊహించుకోవాల్సిన పనే లేదు.

దారికి ఒక కొస నిలబడండి. బరువు రెండు పాదాల మీద సమంగా ఉందా, ఒక మడమ మీదికి ఒరిగిందా? సరిచేయకండి, తెలిస్తే చాలు. చేతులు ముందుకో వెనక్కో కట్టుకోండి. చూపు నాలుగైదు అడుగుల అవతల నేల మీద. మామూలు నడక కంటే కొంచెం నిదానంగా మొదలుపెట్టి, అయిదు నిమిషాలు 'కుడి', 'ఎడమ' అని లోలోపల అనుకోండి. ఆ తర్వాత పది నిమిషాలు ఒక్కో అడుగును మూడు ముక్కలు చేసి చూడండి: ఎత్తడం, జరపడం, ఆనించడం.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. మాట ముందు పోయి పాదం వెనకబడుతుంది, అప్పుడది ఉత్త జపం. పరీక్ష ఒకటుంది. దారి కొసకు రాగానే ఆగి, ఆఖరి అడుగులో మడమ ముందు తగిలిందా, మునివేళ్ళా అని అడుక్కోండి. జవాబు రాకపోతే నడిచింది కాళ్ళే, మీరు కాదు. రెండో పొరపాటు మరీ మెల్లగా నడవడం. ఒంటికాలి మీద ఎక్కువసేపు ఉంటే ఒళ్ళు తూలుతుంది, ధ్యాసంతా పడకుండా ఉండడం మీదికి పోతుంది. తూలుతున్నారంటే వేగం పెంచండి. మూడోది, పాదాలకేసి తలవంచి చూడడం. మెడ పట్టేస్తుంది, పైగా చూడాల్సింది కంటితో కాదు.

మనసు ఎక్కువగా జారేది మలుపులో. అందుకే కొసన ఒక శ్వాస పట్టేంతసేపు నిలబడి, తర్వాత మెల్లగా తిరగండి. భిక్షువులు నడిచే దారిని పాలిలో చంకమం అంటారు, అది తిన్నగా ఉండే దారి. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు స్తూపం చుట్టూ మీరు తిరిగితే అది ప్రదక్షిణ అవుతుంది. అదీ మంచిదే, కాని గుండ్రటి దారికి కొసలుండవు, ఎక్కడ తప్పిపోయారో పట్టిచ్చే చోటు ఉండదు.

పది రోజులయ్యాక పాదంలో ఇంకోటి చూడండి. ఎత్తేటప్పుడు తేలిక, ఆనించేటప్పుడు బరువు. అయిదో శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు తన ధ్యాన గ్రంథం విసుద్ధిమగ్గంలో దీన్నే ధాతువుల లెక్కన చెప్పాడు: ఎత్తడంలో తేజో (నిప్పు), వాయు (గాలి) ధాతువులది పైచేయి, దించడంలో పఠవి (నేల), ఆపో (నీరు) ధాతువులది. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గచ్చు గట్టిదనం, చలువ, కాలి కదలిక తెలిస్తే అదే ధాతువుల సాధన.

ఎంత జాగ్రత్త కావాలి అంటే బుద్ధుడు ఒక పోలిక చెప్పాడు. ఒకవైపు నాట్యం చేసే అందగత్తె, ఇంకోవైపు ఆమెను చూడ్డానికి ఎగబడ్డ జనం. వాళ్ళ నడుమ నుంచి ఒకడు నిండుగా నూనె ఉన్న గిన్నె మోసుకుపోవాలి, ఒక్క చుక్క ఒలికినా తల తీసేయడానికి వెనక కత్తి పట్టుకొని ఇంకొకడు. ఆ నూనె గిన్నే కాయగతాసతి, అంటే ఒంటి మీద ఎరుక. మనకైతే కత్తి అవసరం లేదు, డప్పుల నడుమ బోనం ఎత్తుకొని నడిచే ఆడబిడ్డను చూస్తే చాలు. ఆమె కాళ్ళను బిగబట్టదు, వదిలేయదు.

రెండో వారం నుంచి నడక కాగానే అయిదు నిమిషాలు కూర్చోండి, నెలకల్లా పదిహేనుకు పెంచండి. గొంగడిని మడతలు పెట్టి మూడు నాలుగు అంగుళాల ఎత్తు చేసి, దాని ముందు అంచు మీద సక్లముక్లం కూర్చుంటే మోకాళ్ళు నడుం కంటే కిందికి వస్తాయి. మోకాళ్ళు పైకి లేచి ఉంటే నడుం వెనక్కి వంగి పది నిమిషాల్లో వీపు లాగుతుంది. కూర్చోలేనివాళ్ళకు కుర్చీ ఉంది, వీపు ఆనించకుండా, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా. కాలు తిమ్మిరెక్కడం మామూలే, నరం నొక్కుకుపోతుంది, కాలు చాపితే పోతుంది. కాని తిమ్మిరి కాలుతో చప్పున లేస్తే చీలమండ మెలిపడుతుంది, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. మోకాలి కీలు లోపల గుచ్చినట్టు నొప్పి వస్తే ఓర్చుకోకండి. 'కదలాలనిపిస్తోంది' అని గమనించి, కదిలేటప్పుడు కదలికను గమనించి మార్చుకోండి.

శ్వాస విషయంలో సుత్తం అడిగేది చాలా తక్కువ. పొడుగు శ్వాసైతే పొడుగని, పొట్టిదైతే పొట్టిదని తెలుసుకోవాలి, అంతే. పొడుగు చేయమని లేదు. టీవీలో చూసి నేర్చుకున్న ప్రాణాయామం ఇక్కడికి తెస్తే చిక్కు. కావాలని లోతుగా, వేగంగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేలికొసలు జిమ్మంటాయి. కొందరు దాన్ని 'శక్తి' అనుకొని మురిసిపోతారు. అలా అయితే శ్వాసను వదిలేసి, పిరుదులు నేలకు ఆనిన చోట ధ్యాస పెట్టండి. రెండు మూడు నిమిషాల్లో శ్వాస దానంతటదే దారికొస్తుంది.

మనసు నిలవకపోతే లెక్క పెట్టుకోండి. లెక్క అయిదుకు తగ్గొద్దు, పది దాటొద్దని బుద్ధఘోషుడి నియమం. అయిదు లోపలైతే ఇరుకు దొడ్లో పశువుల్లా మనసు కొట్టుకుంటుంది, పది దాటితే శ్వాసను వదిలి అంకెను పట్టుకుంటుంది. మొదట్లో లెక్క ధాన్యం కొలిచేవాడిలా నిదానంగా ఉండాలంటాడు ఆయన. వాడు కొలపాత్ర నింపి 'ఒకటి' అని ఒలకబోసి, మళ్ళీ నింపుకునేటప్పుడు చెత్త కనబడితే ఏరేస్తూ 'ఒకటి, ఒకటి' అనే అంటుంటాడట. మన కల్లాల్లో ఆ ఒకటి 'లాభం' అయింది. నోటికి అదే వస్తే అదే అనండి, ఏం తప్పు లేదు.

ఎన్నిసార్లు తప్పిపోతే అన్నిసార్లు మళ్ళీ 'లాభం'. దీన్ని ఓటమి అనుకునేవారికి ఇంకో పోలిక. పాము, మొసలి, పక్షి, కుక్క, నక్క, కోతి ఆరింటినీ తాళ్ళతో ఒక గట్టి గుంజకు కట్టేస్తే ఒకటి పుట్టకేసి, ఒకటి నీళ్ళకేసి, ఒకటి ఆకాశానికేసి గుంజుతాయి. అవే మనసుతో కలిపి ఆరు ఇంద్రియాలు. అలిసిపోయాక గుంజ దగ్గరే పడుకుంటాయి. ఆ గుంజ కాయగతాసతి. జంతువులు గుంజకుండా ఉంటాయని మాత్రం ఎవరూ అనలేదు.

ఇక పగటిపూట. సుత్తం పట్టీలో ముందుకు పోవడం, వెనక్కి రావడం, చెయ్యి వంచడం, చాచడం, తినడం, తాగడం, మాట్లాడడం, ఊరుకోవడమే కాదు, దొడ్డికి పోవడం కూడా ఉంది. అందుచేత టైం లేదనే మాట చెల్లదు. కాని రోజంతా ఎరుకతో ఉంటానని పూనుకుంటే మధ్యాహ్నానికే విసుగొస్తుంది. ఒక్క పని ఎంచుకోండి. జగిత్యాల దిక్కు బీడీలు చుట్టే అక్కలైతే ఒక్కో కట్ట కాగానే చాట మీద నుంచి చేతులు తీసి, భుజాలు చెవుల దాకా లేచాయా, మెడ ముందుకు పొడుచుకొచ్చిందా చూసుకోండి. పత్తి ఏరేవాళ్ళకు ఎండిన కాయ మొన వేలికి తగలడమే గుర్తు. కాజీపేట నుంచి హన్మకొండకు బస్సులో నిలబడి పోయేవాళ్ళకు బ్రేకు పడ్డప్పుడు అరికాళ్ళు నేలను పట్టుకోవడం. ఒక వారం ఒకే పని, తర్వాత వారం ఇంకొకటి కలపండి.

రెండు నెలలు ఇలా సాగితే ఒంటి భాగాల భావన, అంటే వాటి మీద ధ్యానం, కొంచెం రుచి చూడొచ్చు. సుత్తంలో 31 భాగాలు, తర్వాత మెదడును కలిపి 32 చేశారు. ముందు అయిదే: కేసా, లోమా, నఖా, దంతా, తచో. వెంట్రుకలు, రోమాలు, గోళ్ళు, పళ్ళు, చర్మం. ప్రవ్రజ్య (బౌద్ధ సన్యాసం) తీసుకునేవారికి గురువు మొదట చెప్పేవీ ఈ అయిదే. వరసగా ఒకసారి, వెనక నుంచి ఒకసారి మెల్లగా చదవండి, ఒక్కోదాని దగ్గర దాని రంగు, ఆకారం, ఉన్న చోటు తలచుకోండి. చూపు ఎలా ఉండాలంటే రెండు మూతుల ధాన్యం సంచి విప్పి 'ఇవి వడ్లు, ఇవి పెసలు, ఇవి మినుములు, ఇవి నువ్వులు, ఇవి బియ్యం' అన్నట్టు. ఎనుమాముల మార్కెట్లో సంచి విప్పి చూసే మనిషి పెసల మీద ప్రేమతోనో నువ్వుల మీద కోపంతోనో చూడడు కదా. ఏవగింపు పెరుగుతుంటే చూపు తప్పిందని అర్థం.

ఇక్కడ జాగ్రత్త తప్పనిసరి. వైశాలిలో బుద్ధుడు శరీరపు అశుభాన్ని, అంటే అందులోని రోతను గురించి చెప్పి ఏకాంతానికి పోగా, భిక్షువులు కొందరు తమ ఒంటి మీద రోతతో ప్రాణాలే తీసుకున్నారని బుద్ధుడి బోధల సంకలనమైన సంయుత్త నికాయంలో ఉంది. ఆయన తిరిగొచ్చి మిగిలినవాళ్ళకు నేర్పింది శ్వాస మీద ఎరుక. కాబట్టి దిగులు జబ్బుకు మందులు వాడుతున్నవారు, తిండి మానేసి ఒంటిని శిక్షించుకునే అలవాటున్నవారు, ఈమధ్యే ఇంట్లో చావు చూసినవారు భాగాల భావన జోలికి పోకండి. పాదాలు, శ్వాస చాలు. మందులు డాక్టరును అడగకుండా ఆపొద్దు. శవం తొమ్మిది దశలు మాత్రం ఎవరైనా సరే, పక్కన అనుభవమున్న గురువు ఉన్నప్పుడే.