4కె మానిటర్‌లో ఫోటోషాప్ మెనూలు చీమల్లా కనిపిస్తుంటే

రొట్టెల పండగ దగ్గరపడితే నెల్లూరు ఫ్లెక్సీ షాపుల్లో ఊపిరి సలపదు. సరిగ్గా అప్పుడే కొత్త 4కె మానిటర్ తగిలించి, మెనూలు కనపడక తంటాలు పడేవాళ్ళ కోసం ఇది. చెప్పేదంతా విండోస్ 10, 11 గురించి.

సమస్య: మెనూలు, టూల్స్ మరీ చిన్నవి

కారణం: 27 అంగుళాల 4కె (3840×2160 పిక్సెళ్ళ) తెరలో అంగుళానికి దాదాపు 163 పిక్సెళ్ళు. అదే సైజు మామూలు ఫుల్ హెచ్‌డీలో 82. పిక్సెల్ చిన్నదైతే దాంతో గీసిన ఐకాన్ కూడా చిన్నదే.

చాలామంది వెంటనే రిజల్యూషన్‌ని 1920×1080కి దించేస్తారు. అలవాటు కొద్దీ 1366×768 పెట్టేవాళ్ళూ ఉన్నారు. అక్షరం పెద్దదవుతుంది, నిజమే. కానీ మొదటిదాంట్లోనే వివరం నాలుగో వంతుకి పడిపోతుంది. రెండోది 3840కి సమంగా సరిపోదు కాబట్టి గీతల అంచులు అలుక్కుపోతాయి. ఇక 4కె కొనడం దేనికి?

పరిష్కారం: రిజల్యూషన్ 3840×2160 దగ్గరే ఉంచండి. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలో 'స్కేల్' మార్చండి. 27 అంగుళాలకు 150 శాతం, 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌కి 200 నుంచి 250. తర్వాత ఒకసారి సైన్ అవుట్ అయి రండి. దీనివల్ల ప్రింట్ క్వాలిటీ తగ్గుతుందేమో అని టెన్షన్ వద్దు. ఫైల్ రిజల్యూషన్‌కీ దీనికీ సంబంధం లేదు.

సమస్య: స్కేల్ పెంచినా పాత ఫోటోషాప్ సీఎస్6 మారలేదు, పేజ్‌మేకర్ మసకబారింది

కారణం: పాత ఫోటోషాప్ 'నా సైజు నేను చూసుకుంటా' అని విండోస్‌కి చెప్పి, తీరా చూసుకోదు. పేజీలు కూర్చే 2001 నాటి పేజ్‌మేకర్ 7 అసలేమీ చెప్పదు. అందుకని విండోస్ దాన్ని బొమ్మలాగా సాగదీస్తుంది.

పరిష్కారం: ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్. కింది ఓవర్‌రైడ్ బాక్సులో టిక్ పెట్టి, సీఎస్6కి 'సిస్టమ్' ఎంచుకోండి. మెనూలు పెద్దవవుతాయి, కానీ బొమ్మ కూడా కాస్త మెత్తబడుతుంది. ఫోటో రీటచింగే ప్రధాన పని అయితే కొత్త వెర్షన్‌కి మారడమే మేలు. పేజ్‌మేకర్‌కి ముందు 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' చూడండి. కుదరకపోతే 'సిస్టమ్'. 'అప్లికేషన్' పెడితే అక్షరం స్ఫుటంగా ఉంటుంది గానీ మెనూలు మళ్ళీ చీమలే. అను తెలుగు ఫాంట్లలో ఒత్తులు సరిచూడాలంటే ఎలాగూ జూమ్ చేయాల్సిందే. పెళ్ళికార్డు అయితే తెరని అసలు నమ్మొద్దు, ప్రూఫ్ (నమూనా ప్రింట్) తీయండి.

సమస్య: వంద శాతం జూమ్‌లో ఫోటో చిన్నగా ఉంది

ఫోటో పిక్సెల్‌కి తెర పిక్సెల్ ఒకటి చొప్పున చూపిస్తుంది, అంతే. తప్పేమీ లేదు. అసలు సైజు కావాలంటే ప్రిఫరెన్సెస్‌లో యూనిట్స్ అండ్ రూలర్స్ తెరిచి, స్క్రీన్ రిజల్యూషన్ (27 అంగుళాల 4కెకి) 163 పెట్టి, 'ప్రింట్ సైజ్' వ్యూ చూడండి.

సమస్య: మౌస్ ఈడ్చుకుంటూ కదులుతోంది

పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కెని 30 హెర్ట్జ్ (సెకనుకి 30 సార్లు తెర మారడం) దగ్గరే ఆపేస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే దానికి మార్చి, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 60 ఎంచుకోండి.