పొద్దుటి అడవి నడకలో బైనాక్యులర్‌కు ఆవిరి పట్టకుండా

కోస్టారికాలో వాలంటీర్‌గా ఉంటూ తెల్లవారుజామునే జంతువుల్ని చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక చిరాకు ఉంటుంది. ఏసీ గదిలోంచి ఆ ఉక్కలోకి రాగానే బైనాక్యులర్ అద్దాలు తెల్లగా మసకబారిపోతాయి. అక్కడ 5.30కి కాస్త అటూ ఇటుగా తెల్లారుతుంది. టూకాన్లు (పెద్ద ముక్కున్న పక్షులు), హౌలర్ కోతులు బాగా సందడి చేసేది ఆ వేళే. అద్దాలు తుడుస్తూ కూర్చుంటే అవి కాస్తా చేజారిపోతాయి.

రాత్రి పడుకునే ముందు గదిలోనే బైనాక్యులర్‌ను పెద్ద జిప్‌లాక్ కవర్‌లో పెట్టి, గాలి వీలైనంత నొక్కేసి, గట్టిగా మూయండి. పొద్దున బయలుదేరడానికి 30-40 నిమిషాల ముందు కవర్ తెరవకుండా బయట వరండాలో ఉంచండి. చెమ్మంతా కవర్ మీదే సన్నటి చుక్కలుగా పడుతుంది, అద్దాల దాకా పోదు. కవర్ పట్టుకుంటే చల్లదనం తెలియనప్పుడు, పైన పొడిగుడ్డతో తుడిచి తెరవండి. కెమెరాకూ ఇదే పద్ధతి. కవర్‌ను మాత్రం కళ్లెదుటే ఉంచుకోండి, అక్కడి కాపుచిన్ కోతులు సంచులు ఎత్తుకుపోతాయి.

మసక అద్దం లోపలివైపు ఉంటే ఇది పనిచేయదు. తేమ లోపలికి చేరిందన్నమాట, రిపేరుకు ఇవ్వాల్సిందే.